ముక్క తీశాక మొదటి గంట

శ్రోతలకు నమస్కారం.

పలమనేరులోనో, పుంగనూరులోనో, శ్రీకాళహస్తిలోనో ఒక నర్సింగ్‌హోమ్‌లో రొమ్ములో గడ్డ నుంచి, లేదా ఊపిరితిత్తి నుంచి డాక్టరుగారు చిన్న ముక్క తీస్తారు. దాన్ని డబ్బాలో వేసి ఇంటివాళ్ళ చేతికిస్తారు. వాళ్ళు దాన్ని పట్టుకుని తిరుపతికో, రాయవేలూరుకో, చెన్నైకో బస్సెక్కుతారు. ఆ డబ్బాలో పోసిందేమిటి, ఎంత పోశారు, ముక్కను ఎన్ని గంటలకు అందులో వేశారు అని సాధారణంగా ఎవరూ అడగరు. సూక్ష్మదర్శిని కింద చూసి క్యాన్సరా కాదా అని చెప్పడమే పనిగా ఉన్న రోజుల్లో, అడక్కపోయినా చాలావరకు నడిచిపోయేది. డీఎన్‌ఏ అంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాల రాత. ఇప్పుడు అదే ముక్కలోంచి డీఎన్‌ఏ తీసి, ఏ జన్యువులో ఏ అక్షరం మారిందో చదివి, దాన్నిబట్టి మందు రాస్తున్నారు. అందుకే ఈ ప్రసంగమంతా ఆ డబ్బా గురించే.

ముందు ఊపిరితిత్తుల క్యాన్సర్ సంగతి చూద్దాం. మన కణాల పైపొర మీద ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్ ఉంటుంది. బయటినుంచి సంకేతం అందినప్పుడే అది లోపలికి 'విభజన చెందు' అని కబురు పంపాలి. ఆ ప్రోటీన్‌కు మూలమైన జన్యువులో, 19వ ఎక్సాన్ అనే భాగంలో కొన్ని అక్షరాలు, తరచుగా 15, ఊడిపోతే ఆ కట్టుబాటు పోతుంది. 21వ ఎక్సాన్‌లో ఒకే ఒక్క అక్షరం, 'టీ' ఉండాల్సిన చోట 'జీ' వచ్చినా అంతే. సంకేతం లేకుండానే రాత్రింబవళ్ళు కబురు పోతూ ఉంటుంది, కణం పెరుగుతూనే ఉంటుంది. ఈ మార్పులున్న గడ్డలకు జెఫిటినిబ్ మాత్ర బాగా పనిచేస్తుందని 2004లో అమెరికా పరిశోధకులు చూపించారు. మన దేశంలో అడినోకార్సినోమా అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరికి ఈ మార్పు ఉంటుంది. బీడీ, సిగరెట్ ముట్టనివాళ్ళలో ఇంకా ఎక్కువ. ఏడాది అటూ ఇటూగా ఆ మాత్రకు గడ్డ లొంగడం మానేస్తుంది. అలా మొండికెత్తిన గడ్డల్లో సగం దాకా అదే ప్రోటీన్‌లో 790వ స్థానంలో కొత్త మార్పు కనిపిస్తుంది. దాని కోసం తయారైనదే ఓసిమెర్టినిబ్. ఇప్పుడు చాలాచోట్ల మొదటినుంచే దీన్ని ఇస్తున్నారు.

రొమ్ము క్యాన్సర్‌లో వచ్చిన మార్పు ఇంకా కొత్తది. కణాల మీద హెర్‌టూ ప్రోటీన్ ఎంత ఉందో రంగు పట్టించి చూసి 0, 1 ప్లస్, 2 ప్లస్, 3 ప్లస్ అని మార్కులు వేస్తారు. 3 ప్లస్ అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్. 2 ప్లస్ అయితే ఫిష్ అనే పరీక్షతో జన్యువు ప్రతులు లెక్కపెట్టి తేలుస్తారు. సున్నా అయినా 1 ప్లస్ అయినా చాలాకాలం పాటు 'నెగటివ్' కిందే లెక్క. 2022లో వెలువడిన పరిశోధన ఫలితాలు ఆ లెక్కను మార్చేశాయి. వ్యాధి ఒళ్ళంతా పాకినవాళ్ళలో 1 ప్లస్ ఉన్నా ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు ఆయుష్షును పెంచుతుందని తేలింది. అంటే సూక్ష్మదర్శిని కింద లేతగా కనిపించే ఆ కాస్త గోధుమరంగుకు కూడా విలువ వచ్చింది. ముక్కను సరిగ్గా నిలవచేయకపోతే ఆ లేత రంగుకే ముందుగా ముప్పు.

ఆ రంగు ఎందుకు పోతుందంటే, రక్తం అందడం ఆగిన క్షణం నుంచి కణంలోని ఎంజైములు ఆ కణాన్నే కరిగించడం మొదలుపెడతాయి. ప్రోటీన్లు విరుగుతాయి, జన్యుపదార్థం ముక్కలవుతుంది. దాన్ని ఆపేది ఫార్మలిన్, అంటే ఫార్మల్డిహైడ్ కలిసిన ద్రావణం. కాబట్టి ముక్క బయటికొచ్చిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. సూదితో తీసిన సన్నటి ముక్కలైతే వెంటనే వేయాలి. రొమ్ము గడ్డ కణాల్లో ఈస్ట్రోజన్ హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్ ఉందా అని చూసేది ఈస్ట్రోజన్ రిసెప్టర్ పరీక్ష. ఆలస్యమైతే అది ఉన్నదాన్ని లేదని చూపించవచ్చు. అప్పుడు ఆ తల్లికి అయిదేళ్ళపాటు రోజుకొకటి వేసుకోవాల్సిన టామోక్సిఫెన్ మాత్ర అందకుండా పోతుంది. వాడిన ఆ అయిదేళ్ళలో వ్యాధి తిరగబెట్టే ముప్పును దాదాపు సగానికి తగ్గించే మాత్ర అది, పైగా చవకైనది. డబ్బా దగ్గర జరిగిన పొరపాటుకు ఇంత మూల్యం చెల్లించాల్సి రావడం చాలా బాధాకరం.

నర్సింగ్‌హోమ్ సిబ్బంది కోసం కొలతలు చెబుతాను, రాసుకోండి. కావలసింది 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్. బజారులో దొరికే గాఢ ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ ఆరున్నర గ్రాములు. పీహెచ్ 7 దగ్గర ఉండాలి. ఈ రెండు లవణాలూ వేయకుండా కుళాయి నీళ్ళు కలిపేసి ఊరుకుంటే, నిలవ ఉన్నకొద్దీ అందులో ఫార్మిక్ ఆమ్లం ఏర్పడుతుంది. ఆమ్లంలో డీఎన్‌ఏ తునాతునకలవుతుంది. ఫార్మలిన్ ఆవిరి కళ్ళకూ గొంతుకూ మంచిది కాదు, ఏళ్ళ తరబడి పీలిస్తే అదే క్యాన్సర్ కారకం. కాబట్టి గాలి ఆడే చోట, గ్లవ్స్ వేసుకుని కలపండి. ఇంటివాళ్ళు దారిలో డబ్బా మూత తీసి చూడకండి.

ముక్క ఎంత ఉంటే ఫార్మలిన్ దానికి కనీసం పది రెట్లు పోయాలి. డబ్బా వెడల్పు మూతిది కావాలి. ఇంజెక్షన్ సీసాలోకి మెత్తగా దూరిన ముక్క మర్నాటికి గట్టిపడి బయటికి రాదు, నలిపి లాగాల్సి వస్తుంది. సెలైన్‌లో వేసి పంపితే కుళ్ళుతుంది. స్పిరిట్‌లో వేస్తే ముడుచుకుపోయి, రిసెప్టర్ పరీక్షలను నమ్మడానికి వీలుండదు. అయితే ఒక మినహాయింపు ఉంది. ఊపిరితిత్తి ముక్క విషయంలో టీబీ అనుమానం కూడా ఉంటే, ఇంకో చిన్న ముక్కను విడిగా, ఫార్మలిన్ లేకుండా, స్టెరైల్ సెలైన్‌లో వేసి ఆ రోజే కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు పంపాలి. ఫార్మలిన్‌లో పడితే టీబీ క్రిమి చచ్చిపోతుంది, కల్చర్‌లో పెరగదు. మన దగ్గర ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు నెలల తరబడి టీబీ మందులు మింగినవాళ్ళున్నారు. రెండు అనుమానాలనూ ఒకే రోజు తేల్చుకోవడం అన్నివిధాలా మంచిది.

రొమ్ము మొత్తం తీసేసిన ఆపరేషన్‌లో జరిగే తప్పు వేరు. ఫార్మలిన్ గంటకు దాదాపు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది. కోయని మామిడికాయను ఉప్పులో వేస్తే పైతోలే ఊరి లోపలి కండ పచ్చిగా ఉన్నట్టు, అంత పెద్ద భాగాన్ని అలాగే బకెట్లో వేస్తే నడుమ ఉన్న గడ్డ తెల్లారేసరికి పాడైపోతుంది. దాన్ని అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు మందాన కోసి, పొరల మధ్య గాజుగుడ్డ పెట్టాలి. కానీ అంచులకు సిరా పూయకముందు ఎక్కడపడితే అక్కడ కోస్తే, గడ్డ అంచుదాకా వచ్చిందా లేదా అన్నది తేలదు. అందుకని ల్యాబ్ దగ్గరుంటే వెంటనే పంపడం, లేకుంటే ముక్కను పరీక్షించే డాక్టరుకు, అంటే పెథాలజిస్టుకు ఫోన్ చేసి ఆయన చెప్పినట్టు కోయడం ఉత్తమం.

ఫార్మలిన్‌లో 6 గంటలకు తక్కువ, 72 గంటలకు ఎక్కువ ఉండకూడదు. ఎక్కువైతే ఫార్మల్డిహైడ్ ప్రోటీన్లనూ డీఎన్‌ఏనూ ఒకదానికొకటి బిగించేస్తుంది. జన్యువులో 'సీ' అక్షరం చెడి 'టీ'గా చదివేలా మారుతుంది, లేని మార్పు ఉన్నట్టు కనబడుతుంది. భోగి ముందురోజు సాయంత్రం తీసిన ముక్క కనుమ దాటాక ల్యాబ్‌కు చేరితే 72 గంటలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. తొందర లేని బయాప్సీ అయితే పండగ తర్వాత పెట్టుకోండి, లేదా సెలవుల్లో కూడా తీసుకునే ల్యాబ్ ఏదో ముందే కనుక్కోండి. డబ్బా మూత మీద కాదు, డబ్బా ఒంటి మీద రోగి పేరు, వయసు, ఏ భాగం, ఏ వైపు, తేదీ, ముక్క తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం రాయాలి. మూతలు మారిపోతాయి. ఎముక ముక్క అయితే, దాన్ని మెత్తబరచడానికి ఆమ్లం కాకుండా ఈడీటీఏ అనే రసాయనం వాడమని ల్యాబ్‌కు చీటీ రాయాలి. ఆమ్లంలో నానిన ఎముక జన్యుపరీక్షకు దాదాపు పనికిరాదు.

ఇక ఇంటివాళ్ళు చూసుకోవాల్సింది బ్లాక్. ఫార్మలిన్‌లోంచి తీసిన ముక్కను ల్యాబ్‌లో పారఫిన్ మైనంలో పోతపోస్తారు. నంబరు రాసిన చిన్న ప్లాస్టిక్ చట్రం, దాని మీద తెల్లటి మైనం, మైనంలో చుక్కలా కణజాలం, అదే బ్లాక్. జన్యుపరీక్షలన్నీ దాన్నుంచి కోసిన, మిల్లీమీటరులో నూరోవంతు కూడా మందం లేని పొరల మీదే జరుగుతాయి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి పోయినా, అక్కడి శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రికి పోయినా, రాయవేలూరు పోయినా రిపోర్టుతో పాటు బ్లాకులూ స్లైడులూ అడుగుతారు. మొదటి ల్యాబ్‌లో సంతకం పెట్టి తీసుకోండి, బ్లాక్ మీది నంబరు రిపోర్టులోని నంబరుతో సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి. ఆ మైనం 56 నుంచి 60 డిగ్రీల మధ్య కరుగుతుంది. తిరుపతి ఎండాకాలంలో మూసిన కారు డాష్‌బోర్డు, ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీ ఆ వేడికి తేలిగ్గా చేరతాయి. బ్లాక్‌ను చిన్న పెట్టెలో పెట్టి చేతిసంచిలో దగ్గరుంచుకోండి.

రిపోర్టు వచ్చాక ఒక వాక్యం జాగ్రత్తగా చదవండి. 'మార్పు కనబడలేదు' అనడం వేరు, 'నమూనా చాలలేదు' లేదా 'డీఎన్‌ఏ నాణ్యత లేదు' అనడం వేరు. మొదటిది జవాబు. రెండోది పరీక్షే జరగలేదని. రెండోదాన్ని నెగటివ్‌గా భావించి కీమోకు వెళ్ళిపోవడం తరచుగా జరిగే పొరపాటు. ముక్కలో క్యాన్సర్ కణాలు ఎంత శాతం ఉన్నాయో కూడా రిపోర్టులో చూడండి. 20 శాతంకన్నా తక్కువైతే చాలా పరీక్షలు తడబడతాయి.

మళ్ళీ ముక్క తీసే వీలు లేనప్పుడు రక్తపరీక్ష ఉంది. చచ్చిన క్యాన్సర్ కణాలనుంచి సుమారు 170 అక్షరాల పొడవున్న డీఎన్‌ఏ తునకలు రక్తంలో తిరుగుతుంటాయి. కొద్ది గంటల్లోనే శరీరం వాటిని తొలగించేస్తుంది. మామూలు ఊదారంగు మూత గొట్టంలో రక్తం తీస్తే, కొద్ది గంటల్లోపే యంత్రంలో తిప్పి, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను వేరుచేయాలి. లేకుంటే తెల్లకణాలు పగిలి, వాటి డీఎన్‌ఏ కలిసిపోయి, వెతికేది దొరకదు. దూరం పంపాలంటే కణాలు పగలకుండా ఆపే ప్రత్యేక గొట్టాలుంటాయి, ల్యాబ్‌వాళ్ళనే అడిగి తెప్పించుకోవాలి. రక్తంలో మార్పు దొరికితే నమ్మి మందు మొదలుపెట్టవచ్చు. దొరక్కపోతే మాత్రం గడ్డలో లేదని అర్థం కాదు. వీలైనప్పుడు ముక్క మళ్ళీ తీయించి, ఫార్మలిన్ డబ్బా సిద్ధంగా పెట్టుకున్నాకే సూది వేయమని డాక్టరుగారిని అడగండి.