స్పీడ్‌రన్నింగ్ తెలుగులో: కడపలో కూర్చుని ఏడాదిపాటు ఒకే గేమ్ ఆడాను

అందరికీ నమస్తే, నేను కడప నుంచి. స్పీడ్‌రన్నింగ్ అంటే ఒక గేమ్‌ని వీలైనంత తక్కువ టైమ్‌లో ముగించడం. సెలెస్ట్ అనే గేమ్‌తో నేను అది మొదలుపెట్టి ఏడాది నిండింది. ఈ ఏడాదిలో నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. డబ్బు పెట్టి గేమ్ కొనుక్కున్నది ఆడుకోవడానికి కదా, మళ్లీ దాన్ని అంత గబగబా అయిపోగొట్టడం ఏంటి అని. మా నాయన ఇంకా సూటిగా అడిగినాడు: "రోజూ అదే ఆట, మళ్లా మొదట్నుంచి. యాడికి పోవాల అబ్బీ అంత బిరబిరా?" నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు ఇది, అందుకే ఈ వీడియో.

నా జవాబు ముందే చెప్పేస్తా. స్పీడ్‌రన్‌లో వేగం అనేది చివర్లో టైమర్ మీద కనిపించే అంకె. దాని వెనక జరిగేదంతా చాలా నిదానమైన పని, ఒక్కో గదిని వారాల తరబడి చూడటం, ఒక్కో జంప్ ఎందుకు అలా పడుతుందో కనుక్కోవడం. ఒక గేమ్‌ని ఇంత దగ్గరగా చూసే దారి నాకు ఇంకోటి తెలియదు.

[స్క్రీన్ మీద: సూపర్ మారియో బ్రదర్స్, 1-1 మొదలు]

మారియోతో మొదలుపెడదాం, ఎందుకంటే ఇది మీకు తెలిసిన ఆటే. 1985లో వచ్చింది. మనలో చాలామంది దీన్ని చూసింది క్యాసెట్ పెట్టి ఆడే టీవీ గేముల్లో, ఎండాకాలం సెలవుల్లో, వంతులు వేసుకుని. మనం ప్రిన్సెస్ దాకా వెళ్లిందే తక్కువ. స్పీడ్‌రన్నర్లు దీన్ని 5 నిమిషాల లోపు ముగిస్తారు. 1-2లో, అంటే ఒకటో వరల్డ్ రెండో లెవెల్‌లో, పైకప్పు మీద నడిచి వార్ప్ జోన్‌కి (ముందున్న వరల్డ్‌లోకి నేరుగా తీసుకెళ్లే గొట్టాలుండే చోటుకి) వెళ్లి నాలుగో వరల్డ్‌లో దిగుతారు, 4-2లో ఇంకో వార్ప్ పట్టుకుని ఎనిమిదో వరల్డ్‌కి పోతారు, అంటే 32 లెవెల్స్‌లో ఆడేది 8 మాత్రమే. ఇది చాలామందికి తెలిసిన దారి. అసలు విషయం ఇక్కణ్నుంచి మొదలవుతుంది.

ఆ గేమ్ సెకనుకి సుమారు 60 ఫ్రేమ్‌లు, అంటే తెర మీద 60 బొమ్మలు నడుస్తుంది. ఒక లెవెల్ అయిపోయాక తర్వాతి లెవెల్‌కి వెళ్లాలా వద్దా అని గేమ్ ప్రతి ఫ్రేమ్‌లోనూ చూసుకోదు, 21 ఫ్రేమ్‌లకి ఒకసారి చూసుకుంటుంది. 21 ఫ్రేమ్‌లంటే 0.35 సెకను. దీన్ని ఫ్రేమ్‌రూల్ అంటారు. మారియో రన్నర్లు దీన్ని బస్సుతో పోల్చి చెబుతుంటారు, మన ఊరి లెక్కలో చెప్పుకుందాం. కడప బస్టాండ్‌లో ప్రొద్దుటూరు బస్సు అరగంటకి ఒకటి కదులుతుంది అనుకోండి. మీరు పరిగెత్తుకుంటూ పది నిమిషాలు ముందొచ్చినా, నడుచుకుంటూ నిమిషం ముందొచ్చినా ఎక్కేది ఆ బస్సే, ప్రొద్దుటూరులో దిగేది ఒకే టైమ్‌కి. లాభం రావాలంటే దానికంటే ముందు బస్సు అందుకోవాలి. అందుకే మారియోలో ఒక లెవెల్‌లో రెండు మూడు ఫ్రేమ్‌లు మిగిలినా రికార్డ్ కదలదు, 21 ఫ్రేమ్‌ల హద్దు దాటేంత మిగిలితేనే కదులుతుంది. చివరి లెవెల్ 8-4 ఒక్కదానికి ఈ రూల్ లేదు, గొడ్డలి తాకగానే టైమర్ ఆగిపోతుంది, కాబట్టి అక్కడ ప్రతి ఫ్రేమూ లెక్కే.

ఇది తెలిశాక ఆ రికార్డుల చరిత్ర చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఏళ్ల తరబడి ఒక్కో లెవెల్‌లో ఒక్కో ఫ్రేమ్‌రూల్ సంపాదించుకుంటూ వచ్చారు. 4 నిమిషాల 55 సెకన్ల గోడని మొదట దాటింది నిఫ్ట్‌స్కీ అనే రన్నర్, 2021 ఏప్రిల్‌లో. అతను ఆడేది కీబోర్డ్ మీద. ఖరీదైన కంట్రోలర్ లేకపోతే ఇదంతా మనకి కాదు అనుకునేవాళ్లు ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

[స్క్రీన్ మీద: సూపర్ మారియో 64, అంతులేని మెట్లు]

ఇంకో ఉదాహరణ, నాకు చాలా ఇష్టమైనది. 1996 నాటి సూపర్ మారియో 64. చివరి విలన్ బౌజర్ దగ్గరికి పోవాలంటే 70 స్టార్లు ఉండాలి, లేకపోతే మెట్లు ఎక్కుతూనే ఉంటారు, పైకి చేరరు. రన్నర్లు ఆ మెట్లని వెనక్కి ఎగురుతూ దాటేస్తారు. లాంగ్ జంప్ కొట్టిన ప్రతిసారీ గేమ్ మారియో వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తుంది. ముందుకు వెళ్లే వేగానికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టారు, వెనక్కి వెళ్లే వేగానికి పెట్టలేదు. వెనక్కి వెళుతూ మళ్లీ మళ్లీ లాంగ్ జంప్ నొక్కితే ఒకటిన్నర, దాని మీద ఒకటిన్నర, అలా పెరిగిపోయి, మెట్లు మనల్ని కిందికి తిప్పి పంపే లోపే మారియో అవతల ఉంటాడు. 1997లో జపాన్‌లో మళ్లీ విడుదల చేసినప్పుడు దీన్ని సరిచేశారు, కాబట్టి ఈ ట్రిక్ వాడే రన్నర్లు ఆ వెర్షన్ ముట్టుకోరు.

దీన్ని మోసం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గేమ్‌లో ఉన్న లెక్కని గేమ్ ఇచ్చిన బటన్లతోనే వాడటం అది. పైగా ఎవరి ఇష్టం వాళ్లకి కేటగిరీలు ఉన్నాయి: ఎలాగైనా ముగించేది ఎనీ పర్సెంట్, అన్నీ సేకరించి ముగించేది హండ్రెడ్ పర్సెంట్, గ్లిచ్‌లు, అంటే ఇలా గేమ్‌లోని లోపాలు వాడటం వద్దనుకుంటే గ్లిచ్‌లెస్. 1998 నాటి జెల్డా ఒకరినా ఆఫ్ టైమ్‌లో గేమ్ మెమరీనే మార్చేసి 4 నిమిషాల లోపు చివరి సీన్‌కి పోతున్నారు. అది కనిపెట్టిన బుర్రలకి దండం పెడతా, కానీ ఆడటానికి నాకు అంత ఆశ పుట్టదు. నాకు కావాల్సింది పరుగు, దూకడం, చేతుల్లో తెలిసే కదలిక. అందుకే సెలెస్ట్ పట్టుకున్నాను.

[స్క్రీన్ మీద: సెలెస్ట్, మొదటి చాప్టర్]

సెలెస్ట్ 2018లో వచ్చింది. మ్యాడలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కుతుంది, కథ అంతే. జంప్, గోడ పట్టుకోవడం, గాల్లో ఒకసారి డాష్ (ఒక్కసారిగా దూసుకెళ్లడం), ఈ మూడే పనులు. పాత ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. మొదటిసారి మామూలుగా ఆడినప్పుడు నాకు ఎనిమిది గంటలు పైనే పట్టింది. ఇప్పుడు నలభై నిమిషాల లోపు ముగిస్తున్నాను. ప్రపంచంలో బాగా ఆడేవాళ్లు 25 నిమిషాల దరిదాపుల్లో ఉన్నారు, నేను ఇంకా చాలా దూరం. అయినా ఆ నలభై నిమిషాల్లో ఏమేం ఉన్నాయో చెప్తా వినండి.

ఈ గేమ్‌లో అంచు దాటి కాళ్ల కింద నేల పోయాక కూడా కొన్ని ఫ్రేమ్‌ల పాటు జంప్ పనిచేస్తుంది. ఆడేవాళ్లకి విసుగు రాకుండా తయారుచేసినవాళ్లు కావాలనే పెట్టారు. మామూలుగా ఆడేటప్పుడు అది ఉందని కూడా తెలియదు. రన్నర్‌కి ఆ కొన్ని ఫ్రేమ్‌లే పెట్టుబడి, నేల చివరి దాకా వేగం వాడుకుని ఆ తర్వాత ఎగరొచ్చు. వేవ్‌డాష్ అని ఇంకోటి ఉంది. నేలకి దగ్గరగా గాల్లో ఉండగా కిందికి వాలుగా డాష్ కొట్టి, నేల తాకాక సరైన క్షణంలో జంప్ నొక్కితే డాష్ వేగం పోకుండా ముందుకు దూసుకెళతాం, వాడేసిన డాష్ కూడా తిరిగి చేతికొస్తుంది. జంప్ కాస్త తొందరపడితే వేగం వస్తుంది కానీ డాష్ రాదు, కాస్త ఆలస్యమైతే వేగం పోతుంది. 2019లో వచ్చిన ఫేర్‌వెల్ చాప్టర్‌లో దీన్ని గేమ్ లోపలే పాఠంలా పెట్టి చూపించారు. నాకు ఇది చేతికి రావడానికి నెలలు పట్టింది, వచ్చిన రోజు మేడ మీదికి వెళ్లి కాసేపు అటూ ఇటూ తిరిగాను, కూర్చోబుద్ధి కాలేదు.

టైమర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. లైవ్‌స్ప్లిట్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది, చాప్టర్ చాప్టర్‌కీ ఎంత పట్టిందో పక్కన చూపిస్తుంది, ఆ ముక్కల్ని స్ప్లిట్స్ అంటారు. ఒక ముక్కలో మీ జీవితంలో ఎప్పుడూ రానంత మంచి టైమ్ వస్తే ఆ అంకె బంగారు రంగులోకి మారుతుంది. ఆ బంగారు ముక్కలన్నీ కూడితే ఒక మొత్తం వస్తుంది, సమ్ ఆఫ్ బెస్ట్ అంటారు. మొదట్లో నేను దాన్ని పట్టించుకోలేదు. తర్వాత్తర్వాత ఎక్కువగా చూసేది దాన్నే. ఎందుకంటే ఆ మొత్తం ఎవరో చేసింది కాదు, ఊహించి వేసిన లెక్క కాదు, మీ చేతులే చేశాయి, కాకపోతే వేర్వేరు రోజుల్లో. మూడో చాప్టర్ ఒక ఆదివారం, ఐదోది ఇంకెప్పుడో తెల్లవారుజామున. ఇక మిగిలింది వాటన్నిటినీ ఒకే కూర్చోవడంలో కలపడం. అది ఎంత కష్టమో ఆడితే గానీ తెలియదు, అయినా ఆ అంకె అక్కడ కనిపిస్తున్నంతసేపు నా వల్ల కాదు అనే మాట నోటికి రాదు.

ఇక టెన్షన్. చివరి చాప్టర్‌లో 3000 మీటర్లు దాటాక దారి పొడుగునా జెండాలుంటాయి, వాటి మీద అంకెలు 30 నుంచి ఒక్కొక్కటే తగ్గుతూ ఉంటాయి. రన్ బాగా వస్తున్న రోజు ఆ జెండాలు చూస్తే వేళ్లు చల్లబడతాయి. ఇల్లంతా ఉడికిపోతున్న మే నెలలో కూడా. దీనికి నాకు పనిచేసిన మందు ఒకటే: ఆ చివరి భాగాన్ని విడిగా ప్రాక్టీస్ చేసేటప్పుడు కూడా టైమర్ పెట్టుకుని, రికార్డింగ్ ఆన్ చేసి, ఇదే అసలు రన్ అన్నట్టు ఆడటం. వేళ్లు వణకడం పూర్తిగా పోలేదు. వణుకుతూనే ఆడటం వచ్చింది.

మన ఊళ్లో ఆడేవాళ్లకి కొన్ని మాటలు. పగలు మెడికల్ షాపులో కూర్చుంటా కాబట్టి నాకు దొరికేది తెల్లవారుజామే, ఎండాకాలంలో ల్యాప్‌టాప్‌కి కూడా అదే మంచిది, మధ్యాహ్నం వేడికి అది నెమ్మదిస్తే మీ రన్ పోయినట్టే. కరెంటు పోతే వైఫై పోతుంది, లైవ్ ఆగిపోతుంది, అందుకని ఓబీఎస్‌లో (స్క్రీన్ రికార్డ్ చేసే ప్రోగ్రామ్) రికార్డింగ్ ఎప్పుడూ మీ కంప్యూటర్‌లోకే పెట్టుకోండి, అప్‌లోడ్ తర్వాత చేసుకోవచ్చు. కీబోర్డ్ కొనేముందు మూడు నాలుగు కీలు కలిపి నొక్కి చూడండి. చవక కీబోర్డులు కొన్ని మూడో కీని తీసుకోవు, సెలెస్ట్‌లో వాలుగా డాష్ కొట్టాలంటేనే మూడు కీలు కావాలి.

[స్క్రీన్ మీద: డూమ్, 1993]

ఇదంతా ఎక్కడ మొదలైందని అడిగితే చాలామంది 1993 నాటి డూమ్ వైపు చూపిస్తారు. ఆ గేమ్ మీ ఆటని ఒక చిన్న ఫైల్‌గా దాచుకోనిచ్చేది. ఆ ఫైల్ ఎవరికి పంపినా వాళ్ల కంప్యూటర్‌లో మీ ఆట మళ్లీ నడుస్తుంది, అంటే నేను ఇంతలో ముగించాను అని చెబితే చాలదు, చూపించాలి. ఆ అలవాటు ఈనాటికీ ఉంది. రికార్డులు ఉంచే సైట్‌కి రన్ పంపితే అక్కడి మోడరేటర్లు వీడియో చూసి, అవసరమైతే ఫ్రేమ్ ఫ్రేమ్ లెక్కేసి ఒప్పుకుంటారు. జీతం లేని పని అది. 2020 డిసెంబర్‌లో డ్రీమ్ అనే పెద్ద యూట్యూబర్ మైన్‌క్రాఫ్ట్ రన్స్‌లో అతనికి కలిసొచ్చిన వస్తువుల లెక్క తీసి, అంత అదృష్టం పట్టే అవకాశం 7.5 లక్షల కోట్లలో ఒకటి అని రిపోర్ట్ రాసింది ఇలాంటి మోడరేటర్లే. ఆ రన్స్‌లో మోడ్ (గేమ్‌ని మార్చే ప్రోగ్రామ్) నడిచిందని 2021లో అతనే ఒప్పుకున్నాడు, తెలియకుండా జరిగిందన్నాడు. కోట్ల మంది చూసే మనిషైనా, కడపలో షాపు మూసొచ్చి ఆడే మనిషైనా లెక్క ఒకటే, నాకు ఈ హాబీ మీద నమ్మకం పెరిగింది అక్కడే.

దాచుకోకపోవడం అనేది ఇంకో గొప్ప సంగతి. రికార్డ్ కొట్టినవాళ్లే తాము చేసిన ప్రతి ట్రిక్కూ నేర్పుతూ వీడియోలు పెడతారు, వాటిని చూసి నేర్చుకున్నవాళ్లే రేపు తమ రికార్డ్ తీసేస్తారని తెలిసీ. నేను ఐదో చాప్టర్‌లో ఒక గది దగ్గర ఆగిపోయి వీడియో పెడితే, ముఖం కూడా తెలియని ఒకతను ఎక్కడో పోర్చుగల్ నుంచి మొత్తం చూసి, రెండో జంప్ కాస్త ఆగి నొక్కు, గోడకి తల తగలదు అని రాశాడు. నిజంగానే తగల్లేదు.

జనవరిలో సంక్రాంతికి ముందు ఖాళీ దొరికితే ఆసమ్ గేమ్స్ డన్ క్విక్ చూడండి. వారం పాటు రాత్రీ పగలూ స్పీడ్‌రన్సే, విరాళాలుగా వచ్చిన డబ్బు క్యాన్సర్ నివారణకి పోతుంది. 2010లో మొదటి మారథాన్ ఒక ఇంటి బేస్‌మెంట్‌లో జరిగింది, 10 వేల డాలర్లు దాటింది. ఈ మధ్య కాలంలో ఒక్కో మారథాన్‌కి 20 లక్షల డాలర్లు దాటుతున్నాయి, 30 లక్షలు దాటిన ఏడాదీ ఉంది. మా నాయన పోయిన జనవరిలో నా పక్కన కూర్చుని ఒక మారియో రన్ చివరిదాకా చూసినాడు. ఏమీ అనలేదు కానీ, అయిపోయాక "ఆ మెట్ల కాడ ఇంగోసారి చూపీ" అన్నాడు.

సరే, మొదలుపెట్టాలనుకుంటే మీకు చిన్నప్పట్నుంచి ఇష్టమైన గేమ్ ఏదైనా తీసుకోండి, స్పీడ్‌రన్ డాట్ కామ్‌లో దాని పేరు వెతికితే రూల్సూ, కేటగిరీలూ, నేర్పే వీడియోలూ దొరుకుతాయి. మీ దగ్గర సెలెస్ట్ ఉంటే ఆప్షన్స్‌లో స్పీడ్‌రన్ క్లాక్ ఆన్ చేసి, మొదటి చాప్టర్ ఒకసారి మీ మామూలు పద్ధతిలోనే ఆడి, వచ్చిన టైమ్ కింద కామెంట్‌లో రాయండి. ఏ గదిలో ఎక్కువసేపు ఆగారో కూడా రాయండి. వచ్చే వీడియోలో ఆ గదుల్నే ఒక్కొక్కటిగా తీసుకుని చేస్తాను.