సంతకాల కాగితానికి ఇంకో మూడు గళ్లు

వ్యాఖ్యాత: బెంగళూరు మారతహళ్లి నుంచి నమస్కారం. అక్కా, మా అపార్ట్‌మెంటు అప్పగింత ఏడాదిన్నర ఆలస్యమైంది. ఆదివారం మీటింగులో ఒక పెద్దాయన కాగితం తిప్పి సంతకాలు పెట్టించారు. రెండు వందల మందిమి ఉన్నాం, అందరి తరఫునా కేసు వేద్దామన్నారు.

న్యాయవాది: ఆ కాగితం నా దగ్గరకు వస్తే నేను తలలు లెక్కపెట్టను తమ్ముడూ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35(1)(సి) ప్రకారం ఒక్కరైనా అందరి తరఫున ఫిర్యాదు చేయవచ్చు. కానీ ఆ అందరి ప్రయోజనమూ ఒకటే కావాలి, ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ అనుమతి ఇవ్వాలి.

వ్యాఖ్యాత: ఒకే బిల్డరు, ఒకే ఆలస్యం. ఇంకేమి కావాలి?

న్యాయవాది: ఒకే ఆలస్యమా? పక్క బ్లాకుకు ఏ తేదీ చెప్పారో నీకు తెలుసా? ఈ ఊరి కేసే చూడు. బ్రిగేడ్ సంస్థ కట్టిన సముదాయంలో 1,134 ఫ్లాట్లు. 51 ఫ్లాట్లు కొన్న 91 మంది, మొత్తం అందరి తరఫునా జాతీయ కమిషన్‌కు వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు దానికి ఒప్పుకోలేదు. మిగిలినవారి ప్రయోజనం కూడా ఇదేనని ఫిర్యాదులో సరిగా రాయలేదు, ఆలస్యం అందరికీ ఒకేలా ఉండకపోవచ్చు అన్నది.

వ్యాఖ్యాత: పాపం, 91 మందీ ఉత్తచేతులతో తిరిగొచ్చారా?

న్యాయవాది: లేదు. తమ మట్టుకు తాము ఉమ్మడి ఫిర్యాదుగా నడుపుకోవచ్చని అదే తీర్పు చెప్పింది. ఈ తేడా తెలియకే సగం సంఘాలు తడబడతాయి. ఉమ్మడి ఫిర్యాదులో పేరున్నవారే ఉంటారు. అందరి తరఫునా వేస్తే, సంతకం పెట్టనివారికీ తీర్పు వర్తిస్తుంది. అందుకే వారికి నోటీసు వెళ్లాలి. మరీ ఎక్కువమంది ఉంటే బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ఖర్చు మీదే.

వ్యాఖ్యాత: అమెరికాలో ఇదంతా సులువేమో?

న్యాయవాది: ఎక్కడి సులువు! ఇలా అందరి తరఫున వేసే కేసులకు అక్కడి ఫెడరల్ కోర్టుల సివిల్ నిబంధనల్లో 23వది ఉంది. నష్టపరిహారం కోరితే, ఎవరికి వారుగా తేల్చవలసిన ప్రశ్నలకన్నా ఉమ్మడి ప్రశ్నలదే పైచేయి అని జడ్జిని ఒప్పించాలి. సరే, మీ కాగితంలో ఏమేమి గళ్లున్నాయి?

వ్యాఖ్యాత: పేరు, ఫ్లాటు నంబరు, సంతకం.

న్యాయవాది: ఇంకో మూడు గీయించు. బ్లాకు, ఒప్పందంలోని అప్పగింత తేదీ, తాళాలు చేతికొచ్చిన తేదీ.

వ్యాఖ్యాత: అయితే ముందు మా ఒప్పందం ఏ బీరువాలో ఉందో వెతకాలి అక్కా.