ఊడి చేతికొచ్చే బ్రిడ్జి

శ్రోతలకు నమస్కారం.

దవడ పన్ను ఒకటి పీకించుకున్నాక నాలుకకు ఒక పని దొరుకుతుంది. తెల్లారింది మొదలు ఆ ఖాళీలోకే పోతుంటుంది. దాన్ని పూడ్చాలంటే మనకు బాగా తెలిసిన పద్ధతి ఒకటుంది: అటూ ఇటూ ఉన్న పళ్ళను చుట్టూ అరగదీసి, మూడింటికీ కలిపి బ్రిడ్జి అనే తొడుగు వేయడం. పుచ్చూ పిప్పీ లేని పళ్ళను అలా చెక్కడానికి ఇన్నేళ్ళ వైద్యంలోనూ నాకు మనసొప్పదు. పోయిన పింగాణి, అంటే పంటి మీది గట్టి పైపొర, మళ్ళీ పెరగదు కదా.

పళ్ళను పెద్దగా చెక్కకుండా అతికించే బ్రిడ్జి కూడా ఉంది. కట్టుడు పన్నుకు పల్చటి లోహపు రెక్క ఉంటుంది. ఆ రెక్కను పక్క పన్ను లోపలివైపు రెసిన్ సిమెంటు అనే జిగురుతో అంటిస్తారు. ఫాస్ఫారిక్ ఆమ్లం తగిలిస్తే పింగాణి కంటికి కనపడనంతగా గరుకెక్కి రెసిన్‌ను పట్టుకుంటుందని 1955లో బ్యునొకోర్ అనే అమెరికా దంతవైద్యుడు చూపించాడు. 1980ల మొదట్లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంవాళ్ళు లోహాన్ని కూడా అలాగే గరుకు చేశారు. అందుకే దీన్ని మేరీలాండ్ బ్రిడ్జి అంటారు.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ఎన్నాళ్ళుంటుంది? ఎన్నో అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్క ప్రకారం అయిదేళ్ళకు నూటికి 91, పదేళ్ళకు 83 దాకా నిలిచాయి. ముందు పళ్ళనూ దవడ పళ్ళనూ కలిపి చూసిన లెక్క ఇది. దవడ దగ్గర కథ కొంచెం కష్టమే. జంతికలు, వక్కలు, మటన్ ఎముకలు, అన్నీ అక్కడే నలుగుతాయి. పైగా అతికించేటప్పుడు అంత లోపల ఉమ్మి తగలకుండా చూడటం పెద్ద పని. చెమ్మ తగిలిందా, పట్టు పోయినట్టే. అందుకే వెనక పళ్ళకు రెక్క వెడల్పుగా చేసి, పన్నును సగం దాకా చుట్టి, నమిలే భాగం మీద చిన్న ఆనిక కూడా ఇస్తాం.

నన్ను భయపెట్టేది మాత్రం ఊడిపోయే బ్రిడ్జి కాదు, సగం ఊడినది. రెండు పక్కలా రెక్కలున్నప్పుడు నమిలేటప్పుడు ఏ పన్ను కదలిక దానిదే. ఒక రెక్క వదిలేస్తుంది, రెండోది పట్టుకునే ఉంటుంది. నొప్పి ఉండదు. వదిలిన రెక్క కింద అన్నం మెతుకులు, క్రిములు చేరి పన్ను లోలోపల పుచ్చిపోతుంది. ఒకే రెక్క ఉంటే వదిలినప్పుడు మొత్తం చేతికొస్తుంది. శుభ్రం చేసి మళ్ళీ అతికించవచ్చు. ఖాళీ చిన్నదైతే నేను అదే సూచిస్తాను. పెద్ద దవడ పన్నంత ఖాళీని ఒంటి రెక్క మోయడం కష్టం. అక్కడ రెండు రెక్కలు తప్పకపోతే, ఆరు నెలలకోసారి చూపించుకోండి.

ఒకవేళ ఊడిందనుకోండి, చిన్న డబ్బాలో వేసి పట్టుకురండి. ఇంట్లో ఫెవిక్విక్ ఉంది కదా అని అంటించుకుని వచ్చేవాళ్ళున్నారు. వంకరగా అతికిన దాన్ని వదిలించడం కొత్తది చేయడం కన్నా కష్టం.