నంది పొట్టలో ఏముంది?
(నెల్లూరులో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే చాలవు. మన్నించండి.

పాత హారర్ కథల మీద మాట్లాడమన్నారు. అద్దె పుస్తకాల షాపులో పావలా కట్టి తెచ్చుకుని, దుప్పట్లో టార్చిలైటు పెట్టుకుని చదివినవాణ్ణి నేను. అడవిలో పాడుబడ్డ గుడి, విగ్రహం కంట్లో కెంపు. దాన్ని పెకలించుకుపోయిన దొరకు ఏడో రాత్రి కిటికీ అవతల తడి పాదాల చప్పుడు! అమెరికాలో కలపగుజ్జు కాగితం మీద అచ్చేసే చవక పత్రికల్లో ఇలాంటివి కొల్లలు. వాటికి పల్ప్ అనే పేరు ఆ కాగితం వల్లే వచ్చింది. వాటిలో పేరుమోసిన వియర్డ్ టేల్స్ 1923లో మొదలైంది. ఏ కథైనా తీర్పు ఒకటే: గుడిసొమ్ము తిన్నవాడు బాగుపడడు.

నా పేచీ అక్కడే. 1780ల్లో మన నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఓ బుల్లి కుండ. కుండలో రోమన్ బంగారు నాణేలు! కొన్ని నిన్ననే ముద్రేసినట్టు మెరుస్తున్నాయట. కొన్నిటికి చిల్లులున్నాయి, ఎవరో మెళ్లో వేసుకున్నట్టు. రైతు పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోగా ముప్పై చిల్లర మిగిలాయి. అప్పటి మద్రాసు గవర్నరు డేవిడ్సన్ వాటిలో రెండు ఏరుకున్నాడు, హేడ్రియన్ చక్రవర్తిది ఒకటి, ఫౌస్టీనా రాణిది ఒకటి. ఆయనే ఉత్తరంలో రాసుకున్నాడు. అందులో శాపం ఊసే లేదు. గుడి ఏ దేవుడిదో కూడా లేదు.

2020లో పెరుమాళ్లపాడు దగ్గర పెన్న ఇసుకలో నాగేశ్వరస్వామి గుడి బయటపడింది, గుర్తుందా? మా ఇంట్లో మొదటి ప్రశ్న: “లోపలేమన్నా దొరికిందా?”

మాది ఉదయగిరి వైపు. ఊరి బయట పాత శివాలయం. ఓ అమావాస్య తెల్లారేసరికి నంది పొట్ట పగిలి ఉంది. చుట్టూ నిమ్మకాయలు, కుంకుమ, ఖాళీ బిస్కెట్ ప్యాకెట్టు. గుప్తనిధుల బ్యాచి! ఫిర్యాదు ఇవ్వబోతే “ఏం పోయింది?” అన్నారు. ఏం పోయిందని రాయాలయ్యా? మీరే చెప్పండి!

పిల్లలూ, 1878 నాటి చట్టం ఒకటుంది. భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలి. చట్టం సంగతి... సరే, గంట కొడుతున్నారు. ఒక్క ముక్క చెప్పి దిగిపోతాను.

ఆ పొద్దున అందరికంటే ముందు గుడికి పోయింది నేనే. నందిని చూసి ఏడ్చానని ఇంట్లో చెప్పాను. ఏడ్చింది నిజమే. కానీ అంతకుముందు ఎవరూ లేరని అటూ ఇటూ చూసి, ఆ పగుల్లో మణికట్టు దాకా చెయ్యి పెట్టి తడిమాను. లోపల కూడా రాయే.