కొత్త నెట్ పెట్టించారా? ఇంకో పాస్‌వర్డ్ మార్చాల్సింది ఉంది
(ఫోన్-ఇన్ కార్యక్రమం, లిఖిత రూపం)

యాంకర్: నమస్కారం. ఇంటికి కొత్తగా ఫైబర్ నెట్ పెట్టించుకున్నవాళ్ళు రూటర్ విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలో ఈ రోజు తెలుసుకుందాం. సందేహాలు తీర్చడానికి నెట్‌వర్క్ ఇంజినీర్ మేడం స్టూడియోకి వచ్చారు. మొదటి కాల్ తెనాలి నుంచి. సార్, రేడియో సౌండ్ కొంచెం తగ్గించి మాట్లాడండి.

తెనాలి శ్రోత: ఆ, తగ్గించానండీ. నేను లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. పోయిన వారం నెట్ పెట్టించాం. బిగించిన అబ్బాయి వైఫై పాస్‌వర్డ్‌గా నా ఫోన్ నంబరే పెట్టాడు, గుర్తుంటుందని. మా అల్లుడు మార్చేయమంటున్నాడు. నిజంగా మార్చాలా అమ్మా?

ఇంజినీర్: మార్చాలి మాస్టారూ. మీ నంబర్ పాలవాడి దగ్గరా, గ్యాస్ ఏజెన్సీ దగ్గరా కూడా ఉంటుంది కదా. కానీ అంతకంటే ముందు మార్చాల్సింది ఇంకోటుంది. రూటర్‌కి రెండు పాస్‌వర్డ్‌లు. ఒకటి వైఫై కలపడానికి. రెండోది రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళడానికి, దాన్ని అడ్మిన్ పాస్‌వర్డ్ అంటారు. చాలామంది మొదటిది మార్చి పని అయిపోయిందనుకుంటారు. రెండోది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండిపోతుంది. కొన్నిటిలో యూజర్‌నేమూ 'అడ్మిన్' అనే మాటే, పాస్‌వర్డూ అదే.

తెనాలి శ్రోత: అది తెలిస్తే మాత్రం ఏం చేయగలరు?

ఇంజినీర్: ఇంట్లో నెట్ అంతా ఆ డబ్బాలోంచే కదా వెళ్ళేది. మీరు బ్యాంకు సైట్ పేరు కొడితే, అది ఎక్కడుందో వెతికిపెట్టడానికి డీఎన్ఎస్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. రూటర్‌లో దాన్ని మార్చేస్తే, మీరు సరైన పేరే కొట్టినా దొంగ పేజీకి తీసుకెళ్ళొచ్చు. బ్రౌజర్ అప్పుడు చాలావరకు హెచ్చరిక చూపిస్తుంది, కానీ తొందరలో దాన్ని దాటేసేవాళ్ళూ ఉంటారు. అందుకే ఆ పాస్‌వర్డ్ మారేదాకా నా దృష్టిలో ఇన్‌స్టలేషన్ పూర్తయినట్టు కాదు. ఇప్పుడే చేసేద్దామా? చేతిలో ఇంకో ఫోన్ ఉందా?

తెనాలి శ్రోత: మా ఆవిడ ఫోన్ ఉంది.

ఇంజినీర్: అందులో మొబైల్ డేటా ఆపండి, వైఫై మాత్రం ఉంచండి. రూటర్ కింద స్టిక్కర్ మీద అంకెలతో ఒక అడ్రస్ ఉంటుంది.

తెనాలి శ్రోత: 192.168.1.1. కొట్టాను... ఏవేవో వెబ్‌సైట్ల పేర్లు వస్తున్నాయమ్మా.

ఇంజినీర్: గూగుల్ వెతికే గడిలో కొట్టినట్టున్నారు. క్రోమ్ తెరిచి పైన అడ్రస్ ఉండే చోట కొట్టండి, చుక్కలతో సహా.

తెనాలి శ్రోత: వచ్చింది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. స్టిక్కర్ మీద ఉన్నది చదువుతాను, మొదట...

ఇంజినీర్: ఆగండి మాస్టారూ, చదవకండి! లైవ్‌లో ఉన్నాం. మీరే కొట్టండి, పైకి చెప్పొద్దు.

తెనాలి శ్రోత: సరే సరే. ఆ, లోపలికి వెళ్ళింది.

ఇంజినీర్: బాగుంది. మెనూలో మేనేజ్‌మెంట్ అనో, సిస్టమ్ అనో ఉన్న చోట అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. మనవరాలి పేరు, పుట్టిన సంవత్సరం పెట్టకండి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. చింతచెట్టు, గొడుగు, బెల్లం, రైలు లాంటివి. ఇవే పెట్టకండి, అందరూ విన్నారు. డైరీలో రాసుకోండి, తప్పేం లేదు. ఇంట్లో ఉన్న డైరీ కోసం ఎక్కడో కూర్చున్న దొంగ రాడు.

వైఫై పాస్‌వర్డ్ చివర్లో మార్చండి. మార్చగానే టీవీ, ఫోన్లు అన్నీ తెగిపోతాయి, మళ్ళీ కలపాలి. అక్కడే సెక్యూరిటీ అని ఉంటే డబ్ల్యూపీఏ3 ఎంచుకోండి. వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి అది, 2018లో వచ్చింది. పాత ఫోన్లు కలవకపోతే డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉన్నది పెట్టండి.

ఇంకోటి, మీరు లెక్కల మాస్టారు కాబట్టి చెప్తాను. డబ్ల్యూపీఎస్ అని ఉంటుంది, పాస్‌వర్డ్ లేకుండా కలపడానికి. దానికి ఎనిమిదంకెల పిన్ ఉంటుంది. ఎన్ని రకాలుగా పెట్టొచ్చు?

తెనాలి శ్రోత: పది కోట్లు.

ఇంజినీర్: కానీ రూటర్ మొదటి నాలుగంకెలు సరిపోయాయో లేదో విడిగా చెప్పేస్తుంది. మిగిలిన నాలుగింట్లో చివరిది ముందున్న ఏడంకెల నుంచి వచ్చేదే.

తెనాలి శ్రోత: అంటే పదివేలు, ఇంకో వెయ్యి. పదకొండు వేలేనా!

ఇంజినీర్: అంతే. ఈ లోపం 2011లో బయటపడింది. కొత్త రూటర్లు తప్పు పిన్ పదేపదే కొడితే ఆపేస్తాయి, అయినా దాన్ని ఆఫ్ చేసెయ్యండి. వెనకున్న రీసెట్ రంధ్రంలో మాత్రం పిన్ను గుచ్చొద్దు. బిగించినతను పెట్టిన సెట్టింగ్స్ పోయి, మళ్ళీ వాళ్ళొచ్చేదాకా నెట్ రాకపోవచ్చు.

యాంకర్: తర్వాతి కాల్ కరీంనగర్ నుంచి. చెప్పండమ్మా.

కరీంనగర్ శ్రోత: నమస్తే మేడం. మా పక్కింటి పిల్లలు ఆన్‌లైన్ క్లాసులని పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చిన. ఇప్పుడు వాళ్ళ చుట్టాలు వచ్చినా మా వైఫైయే. మార్చేద్దామంటే మొహమాటం.

ఇంజినీర్: మొహమాటం అక్కర్లేదు అక్కా. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. పిల్లలకి అది ఇవ్వండి, అసలుది మార్చేయండి. గెస్ట్‌లో ఉన్నవాళ్ళకి మీ ఇంటి కంప్యూటర్లు కనిపించకుండా పెట్టే వీలుంటుంది. అయితే అందులోంచి ఎవరేం చేసినా బయటికి మీ కనెక్షనే కనిపిస్తుంది, అందుకే ఆ పాస్‌వర్డ్ కూడా అప్పుడప్పుడూ మార్చండి. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళకి ముందు వచ్చిన ఈమెయిల్ జాడ తీస్తే నవీ ముంబైలో ఒక ఇంటి వైఫై దగ్గరికి వెళ్ళింది. దానికి సరైన రక్షణ లేదు, బయటివాళ్ళు వాడుకున్నారు. ఆ ఇంటాయన పోలీసుల ప్రశ్నలకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంట్లో సీసీ కెమెరా ఉందా?

కరీంనగర్ శ్రోత: గేటు దగ్గర ఒకటి ఉంది.

ఇంజినీర్: దాని పాస్‌వర్డ్ కూడా మార్చండి. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు సుమారు 60 పట్టుకుని నెట్‌లో దొరికిన కెమెరాలు, రూటర్ల మీద ప్రయత్నిస్తూ పోయింది. లక్షల పరికరాలు దానికి చిక్కాయి. ఆ అక్టోబరులో అలా చిక్కినవాటితో ఒక డీఎన్ఎస్ కంపెనీ మీద పడితే, అమెరికాలో చాలామందికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ తెరుచుకోలేదు. ఆ కెమెరాల సొంతదారుల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు.

యాంకర్: కర్నూలు నుంచి ఒక మెసేజ్: వైఫై పేరు కనిపించకుండా దాచేస్తే చాలదా అని.

ఇంజినీర్: చాలదు. వెతికే సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్ళకి దొరికిపోతుంది. దానికి పెట్టే శ్రద్ధ మంచి పాస్‌వర్డ్ మీదా, రూటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మీదా పెట్టండి.

యాంకర్: చివరి కాల్ అమెరికా, డాలస్ నుంచి.

డాలస్ శ్రోత: నమస్తే అండీ. అమ్మానాన్న ఖమ్మంలో ఉంటారు. నెట్ ఆగినప్పుడల్లా ఫోన్‌లో చెప్పడం కష్టంగా ఉంది. వాళ్ళ రూటర్‌లో రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్ చేస్తే నేనే ఇక్కణ్ణుంచి చూసుకోవచ్చు కదా?

ఇంజినీర్: మీ బాధ అర్థమైంది తమ్ముడూ, కానీ అది వద్దు. ఆన్ చేస్తే ఆ లాగిన్ పేజీ మీకే కాదు, ప్రపంచంలో ఎవరికైనా కనిపిస్తుంది. ఇప్పటికే ఆన్‌లో ఉందేమో చూసి ఆపించండి. నెట్ కంపెనీకి యాప్ ఉంటే అందులో లాగినై చూడండి, లేదంటే వీడియో కాల్‌లో నాన్నగారి చేత చేయించండి. ఒకసారి కష్టపడితే వాళ్ళకీ అలవాటవుతుంది.

డాలస్ శ్రోత: మొన్న ఎవరో కంపెనీ నుంచి అని ఫోన్ చేసి, స్పీడ్ పెంచుతాం, ఏదో యాప్ వేసుకోమన్నారట. నాన్న వేయలేదు.

ఇంజినీర్: చాలా మంచి పని చేశారు. ఫోన్ స్క్రీన్ అవతలివాళ్ళకి చూపించే యాప్‌లు ఉంటాయి, ఓటీపీలు కూడా కనిపిస్తాయి. నిజంగా కంపెనీవాళ్ళేనా అని అనుమానమొస్తే ఫోన్ పెట్టేసి, బిల్లు మీదున్న నంబర్‌కి తనే చేయమనండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబర్ రూటర్ పక్కనే గోడకి అంటించమని అమ్మగారికి చెప్పండి. అడ్మిన్ పాస్‌వర్డ్ రాసిన కాగితం మాత్రం అక్కడ అంటించొద్దు, బీరువాలో పెట్టమనండి.