డయాఫ్రమ్ పంపు మొరాయిస్తోందా? విప్పే ముందు ఈ ఒక్క టెస్ట్ చేయండి

నమస్తే అండి. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు కంపెనీల్లో పనిచేసేవాళ్లకి ఈ టకటక శబ్దం బాగా తెలుసు. గాలితో నడిచే డబుల్ డయాఫ్రమ్ పంపు ఇది. ఆగిపోగానే చాలామంది స్పానర్ పట్టుకుని నేరుగా విప్పేస్తారు. దయచేసి అలా చేయకండి, సగం సార్లు తప్పు పంపులో ఉండనే ఉండదు.

(పంపు లోపలి బొమ్మ)

1955లో జిమ్ విల్డెన్ దీన్ని తయారుచేసినప్పటి నుంచి పద్ధతి ఒకటే. గాలి ఒక డయాఫ్రమ్‌ను (రబ్బరు లాంటి సాగే పొర) బయటికి తోస్తుంది, మధ్యలో ఉన్న షాఫ్ట్ రెండోదాన్ని లోపలికి లాగుతుంది, ఆ వైపు ద్రవం నిండుతుంది, తర్వాత ఎయిర్ వాల్వ్ దిశ మారుస్తుంది. వెళ్లిన ద్రవం వెనక్కి రాకుండా నాలుగు బాల్స్ కాపలా కాస్తాయి. మోటార్ లేదు కాబట్టి డిశ్చార్జ్ (ద్రవం బయటికి పోయే దారి) మూసినా కాలిపోయేదేమీ లేదు. ఇచ్చిన గాలి ఎంత ప్రెషర్‌లో ఉందో అంతకు మించి ద్రవం ప్రెషర్ పెరగదు, అక్కడ పంపు తనే ఆగుతుంది.

మన టెస్ట్ కూడా అదే. పంపు నడుస్తుండగా డిశ్చార్జ్ వాల్వ్ మెల్లగా మూయండి.

పూర్తిగా ఆగి, నిశ్శబ్దంగా ఉందా? పంపు బాగుంది, సక్షన్ లైన్ (పంపులోకి ద్రవం వచ్చే దారి) చూడండి. ఆగింది గానీ మఫ్లర్ (వాడిన గాలి శబ్దం తగ్గి బయటికి పోయే చోటు) నుంచి గాలి బుసకొడుతూనే ఉందా? ఎయిర్ వాల్వ్ సీళ్లు అరిగి ఉంటాయి, లేదా డయాఫ్రమ్ చిరిగి ఉంటుంది. ఆగకుండా మెల్లగా కొట్టుకుంటూనే ఉందంటే బాల్, అది కూర్చునే సీట్ మధ్య చెత్త ఇరుక్కుందో, అవి అరిగాయో చూడాలి.

సక్షన్ విషయంలో ఒక అనుభవం చెప్తాను. ఒక నైట్ షిఫ్ట్‌లో పంపు కొడుతోంది, మెటీరియల్ మాత్రం రావడం లేదు, బ్యాచ్ ఆగిపోయిందని అందరికీ టెన్షన్. రెండు గంటలు విప్పి బిగించాం, బాల్స్ మార్చాం, ఏం లాభం లేదు. చివరికి చూస్తే సక్షన్ హోస్ లోపలి పొర ఊడి, లాగినప్పుడల్లా దారి మూసేస్తోంది. బయటికి హోస్ కొత్తదానిలా ఉంది! అప్పటి నుంచి నేను ముందు వేరే హోస్ పెట్టి చూస్తాను.

అసలు కొట్టుకోవడమే లేదంటే, గేజ్‌ను కంప్రెసర్ దగ్గర కాదు, పంపు దగ్గర, పంపుకి గాలి తెరిచి ఉంచి చూడండి. ఊరికే ఉన్నప్పుడు 6 బార్ చూపించే లైను, గాలి లాగగానే 2కి పడిపోతుంటే ఆ లైను సన్నగా ఉందనో, ఫిల్టర్ మూసుకుపోయిందనో అర్థం.

వానాకాలంలో ఇంకొకటి. నడుస్తూ నడుస్తూ నెమ్మదిస్తుంది, అరగంట వదిలేస్తే తనే బాగవుతుంది. గాలిలో తేమ మఫ్లర్ దగ్గర మంచుగా గడ్డకడుతోందన్నమాట: ప్రెషర్‌తో వచ్చిన గాలి ఒక్కసారి వ్యాకోచించి చల్లబడుతుంది కదా. ఎయిర్ రిసీవర్‌లో (కంప్రెసర్ గాలి నిల్వ ఉండే ట్యాంక్) నీళ్లు రోజూ వదలండి, అవసరానికి మించి ప్రెషర్ పెట్టకండి.

మఫ్లర్ నుంచి ద్రవమే వస్తే మాత్రం వెంటనే ఆపేయండి. డయాఫ్రమ్ చిరిగింది. షిఫ్ట్ అయ్యేదాకా నడిపిద్దాం అని ఎవరన్నా ఒప్పుకోవద్దు, అది సాల్వెంట్ అయితే మీ ప్రాణానికే ముప్పు. గాలి కట్ చేసి, లైన్ ప్రెషర్ వదిలి, ద్రవం ఖాళీ చేశాకే విప్పండి, చేతికి గ్లవ్స్, కళ్లకు గాగుల్స్ ఉండాలి. బిగించాక, స్టార్ట్ చేసే ముందు, విప్పేటప్పుడు తీసిన ఎర్తింగ్ వైరు మళ్లీ తగిలించారో లేదో చేత్తో లాగి చూడండి.