పదడుగుల రీఫ్ ట్యాంకు: హైదరాబాద్ ఇంట్లో ఎలా కట్టాలి

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం ఇంట్లో పెద్ద రీఫ్ ట్యాంకు, అంటే సముద్రంలోని పగడాల దిబ్బను పోలిన ఉప్పునీటి అక్వేరియం. పెద్దదంటే ఎంతో ముందు ఒక మాట అనుకుంటే లెక్కలు తేలికవుతాయి. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. అంచు దాకా నింపితే 2,830 లీటర్లు పడతాయి. స్టాండు కింద ఉండే చిన్న తొట్టిని సంపు అంటాం, పై ట్యాంకు నీళ్ళు అందులోకి దిగి పంపుతో మళ్ళీ పైకెక్కుతాయి. దాంతో కలిపి మూడున్నర వేల లీటర్లనుకోండి. ఇవాళ నేను చెప్పే అంకెలన్నీ ఈ ట్యాంకువే.

నేను కట్టడాల డిజైను చేసేవాణ్ణి. ఇలాంటి ట్యాంకు పెట్టుకుంటామని వచ్చేవాళ్ళు ముందు లైట్ల గురించి, ఆ తర్వాత చేపల గురించి అడుగుతారు. స్లాబు సంగతి అద్దాలకు ఆర్డరిచ్చాక గుర్తొస్తుంది. నా పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. కంటికి కనపడనివన్నీ ముందు తేల్చుకుని, మిగిలిన జాగాలో కనపడే ట్యాంకు పెట్టమంటాను.

వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది చట్టం. ట్యాంకులో ఏముండాలో, ఏముండకూడదో అదే చెబుతుంది కాబట్టి మిగతా సామానంతా దాన్ని బట్టే ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో పగడాలను చేర్చారు. రీఫ్ కట్టే రాతి పగడాలన్నీ అందులో ఉన్నాయి. నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు, ఫైర్ కోరల్, సముద్ర గుర్రాలు కూడా ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. పట్టుబడితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సైట్స్, అంటే అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం, దాని జాబితాలోని విదేశీ జీవుల్ని ఇంట్లో ఉంచుకునేవాళ్ళు రిజిస్టరు చేయించుకోవాలి. దుకాణంలో "అన్నా, ఇది ఇండోనేషియా మాల్, పేపర్లున్నయ్" అంటారు. ఆ పేపర్లు చూపించమనండి. "రేపు వాట్సాప్ చేస్తా" అంటే నమస్కారం పెట్టి బయటికి రండి.

నేనైతే రాతి పగడం వద్దనే అంటాను. చట్టం ఒక్కటే దానికి కారణం కాదు. లక్షద్వీప్ రీఫ్‌లు 1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి తెల్లగా పాలిపోయాయి. మిగిలినదాన్నుంచి ఒక కొమ్మ విరిచి నార్సింగిలో ముప్పయ్యో అంతస్తుకు ఎక్కించడం నాకు రుచించదు. మెత్తటి పగడాల విషయంలో ఏ జాతి జాబితాలో ఉంది, ఏది లేదు అన్నది దుకాణంవాడి మాట మీద తేలే పని కాదు. అటవీ శాఖవాళ్ళను అడగండి. కాగితం చేతికొచ్చాకే కొనండి.

లైవ్ రాక్ సంగతి కూడా ఇంతే. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రంలోంచి తెచ్చిన బతికున్న రాళ్ళు, గాలి బుడగలు ఉంటే చాలు, ఉప్పునీటి ట్యాంకు నిలబడుతుందని రాశారు. ఈ హాబీ రూపురేఖలు మార్చిన ఆలోచన అది. ఆ రాయి చాలావరకు పగడపు అస్థిపంజరమే, మనకది కుదరదు. సిరామిక్ రాళ్ళు, సిమెంటుతో పోసిన రాళ్ళు దొరుకుతున్నాయి. సిమెంటువైతే వారాల తరబడి మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉండాలి. లేకపోతే క్షారం దిగుతూనే ఉంటుంది, పీహెచ్ పైకెక్కుతుంది. ఆ రాళ్ళ మీద బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా మారే పని అంతా అక్కడే జరుగుతుంది. ఈ వారాల్లో ట్యాంకు చూడ్డానికి ఏమీ బాగుండదు. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి పెట్టుకోండి.

ఇక బరువు. సముద్రపు నీరు లీటరుకు కిలో పాతిక గ్రాములు. ఒక్క నీళ్ళే 2.9 టన్నులయ్యాయి. 19 ఎంఎం అద్దం చదరపు మీటరుకు నలభై ఏడున్నర కిలోలు తూగుతుంది. అడుగు పలక ఒక్కటే 176 కిలోలు, ముందుది, వెనకది చెరో 110. అద్దాలన్నీ కలిపి దాదాపు అర టన్ను. రాళ్ళు, ఇసుక, స్టాండు కూడా వేసుకుంటే నాలుగు టన్నులు. ఇదంతా నలభై చదరపుటడుగుల మీద కూర్చుంటుంది. అంటే చదరపు మీటరుకు వెయ్యి కిలోల పైమాటే. ఇళ్ళలో గదుల స్లాబును మన ప్రమాణం, ఐఎస్ 875, ప్రకారం చదరపు మీటరుకు 200 కిలోల లైవ్ లోడుకు, అంటే మనుషులు, సామాన్ల బరువుకు, డిజైను చేస్తారు. దానికి ఐదు రెట్లు.

"హాలంతా కలిపితే అంత బరువు మోస్తుంది కదా సార్" అని ఒకాయన వాదించారు. ఇరవై బై పదిహేను హాలుకు లెక్క కడితే ఐదున్నర టన్నులు వచ్చే మాట నిజమే. అది గదంతా పరచిన బరువుకు చెప్పిన లెక్క. ఒకే మూల నాలుగు టన్నులు పెట్టినప్పుడు స్లాబు ఎటు వంగుతుంది, బీము ఎంత మోస్తుంది అన్నది వేరే చూడాలి. పైగా పెళ్ళిరోజున ముప్పైమంది వచ్చి గంటలో వెళ్ళిపోతారు, ట్యాంకు పదేళ్ళు కదలదు. కాంక్రీటు అలాంటి బరువు కింద నెమ్మదిగా వంగుతూనే ఉంటుంది. పోస్ట్ టెన్షన్ స్లాబులున్న టవర్లలో బిల్డరు ఇంజనీరు సంతకం లేకుండా అసలు మొదలుపెట్టొద్దు. అందులో లాగి బిగించిన ఉక్కు కేబుళ్ళుంటాయి, పైపు కోసమని ఎక్కడంటే అక్కడ డ్రిల్లు వేయకూడదు. సైనిక్‌పురిలోనో కొంపల్లిలోనో సొంత ఇల్లు, కింద సెల్లారు లేని గ్రౌండ్ ఫ్లోరు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. అక్కడ నేల మీదే గట్టి బెడ్ పోసుకోవచ్చు. ఫ్లాటువాళ్ళు ట్యాంకు పొడవును స్లాబు మధ్యలో పెట్టకండి. కాలమ్ నుంచి కాలమ్‌కు వెళ్ళే బీము వెంట, గోడకు దగ్గరగా ఉండాలి. అది కూడా లెక్క కట్టించాకే.

ఎత్తు విషయంలో నాది మొండి పట్టు. రెండున్నర అడుగులు దాటొద్దు. ఈ ట్యాంకు ముందు అద్దం మీద నీళ్ళ తోపుడు దాదాపు 900 కిలోలు. వెడల్పు నాలుగడుగులున్నా రెండడుగులున్నా ఆ తోపుడు మారదు. ఎత్తు రెట్టింపు చేస్తే నాలుగింతలవుతుంది. అద్దం మందం, ధర దాంతోపాటే పెరుగుతాయి. చెయ్యి అడుగుకు అందని ట్యాంకు ఆర్నెల్లలో మురికి పడుతుంది. స్టాండు మీద ట్యాంకు, ఆ పైన సీలింగు దాకా కనీసం రెండడుగుల ఖాళీ వదలండి. వెనక మనిషి నడిచే సందు ఉండాలి. పదడుగుల ట్యాంకు ఏ లిఫ్టులోనూ పట్టదు కాబట్టి పలకలు విడిగా పైకి తెచ్చి హాల్లోనే అతికించాలి. సిలికాన్ పూర్తిగా ఆరేదాకా నీళ్ళ జోలికి పోకూడదు.

మన ఊరికి సముద్రం మూడొందల కిలోమీటర్ల అవతల ఉంది. సూర్యలంక నుంచి ట్యాంకరు తెప్పిస్తే పోదా అని అడుగుతుంటారు. పోదు. కృష్ణా, గోదావరి వరదలొచ్చాక మన తీరంలో ఉప్పదనం పడిపోతుంది, ఒడ్డున బురద, మందుల అవశేషాలు వేరే. ఇంట్లో చేసుకునే ఉప్పునీరే నయం. లీటరుకు 35 గ్రాముల లెక్కన మొదటి నింపుడుకే 120 కిలోలకు పైగా రీఫ్ సాల్టు కావాలి.

ఆ ఉప్పు కలిపే నీళ్ళు ఎక్కడివి? మంజీరా, కృష్ణా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్ళు గ్రానైటు రాళ్ళలోంచి వస్తాయి, సిలికా తోడు తెస్తాయి. సిలికా ఉంటే అద్దం మీద గోధుమరంగు పొర వదలదు. ఎండాకాలం వచ్చే ట్యాంకరు నీళ్ళు ఏ బోరువో దేవుడికి తెలియాలి. అందుకని ఆర్ఓ, దాని తర్వాత మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గుళికలు తప్పనిసరి. చివర టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. ఇక్కడ ఒక చిన్న విషయం. బోరు నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడు ఆర్ఓ పొరను దాటేస్తుంది, రెజిన్‌ను తినేస్తుంది. ఆర్ఓలోంచి వచ్చిన నీళ్ళను డ్రమ్ములో ఒక రాత్రి ఏర్ పంపుతో బుడగలు కొట్టించి, ఆ తర్వాత రెజిన్‌లోకి పంపండి, రెజిన్ చాలా కాలం వస్తుంది. మామూలు ఇంటి ఆర్ఓలో వాడే 75 గ్యాలన్ల పొర రోజంతా ఆగకుండా నడిచినా 280 లీటర్లకు మించి ఇవ్వదు. మూడున్నర వేలకు పన్నెండు రోజులు. వృథా నీళ్ళు బాల్కనీ మొక్కలకు, గిన్నెల సింకుకు మళ్ళించకపోతే అసోసియేషన్‌వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకపోవడమూ న్యాయమే.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ట్యాంకు మాత్రం 25, 26 డిగ్రీల దగ్గరే ఉండాలి. అయితే ఈ విషయంలో మనం విశాఖవాళ్ళకన్నా మెరుగు. మే నెలలో మన గాలి పొడిగా ఉంటుంది. సంపు మీద ఫ్యాన్లు తిప్పితే రోజుకు 30 లీటర్లు ఆవిరవుతాయి. ఆ ఆవిరి పట్టుకుపోయే వేడి దాదాపు 20 యూనిట్ల కరెంటుకు సమానం. నీళ్ళను చల్లబరిచే యంత్రానికి, అంటే చిల్లర్‌కు, సగం పని తప్పుతుంది. జూలైలో వానలు పట్టాక ఈ ఉపాయం పారదు, చిల్లర్ ఉండాల్సిందే. లోపలి కాయిల్ టైటానియందే ఉండాలి. రాగి, ఇత్తడి నీళ్ళకు తగలకూడదు, రొయ్యలు, నత్తలు బతకవు. చిల్లర్‌ను సంపు గదిలో పెడితే అది వదిలే వేడి మళ్ళీ నీళ్ళలోకే వస్తుంది. యుటిలిటీ బాల్కనీలో పెట్టండి. ఆవిరైనన్ని మంచినీళ్ళు తిరిగి పోసే ఆటో టాపప్ కావాలి. ఆవిరైపోయేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. ఆ తేమ గోడలకు పట్టకుండా ఎగ్జాస్టు ఫ్యాను కూడా ఉండాలి.

కరెంటు పోయిన నిమిషంలో ఏం జరుగుతుందో కళ్ళకు కట్టినట్టు ఊహించుకోండి. సంపు నుంచి నీళ్ళను పైకి పంపే రిటర్న్ పంపు ఆగుతుంది. ట్యాంకులో నీళ్ళు ఓవర్‌ఫ్లో అంచు దాకా కిందికి దిగుతాయి, రిటర్న్ పైపు మూతి మునిగి ఉంటే అదీ వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. ఈ ట్యాంకులో ఒక్క అంగుళం అంటే 94 లీటర్లు. రెండంగుళాలు దిగితే 190 లీటర్లు సంపులో పట్టాలి. పట్టకపోతే కింది ఫ్లాటువాళ్ళ ఫాల్స్ సీలింగులో పడతాయి. అందుకే సంపులో ఆ ఖాళీ ఎప్పుడూ ఉంచాలి, గాలి దూరి ఆ లాగుడు ఆగేలా రిటర్న్ పైపుకు నీటి మట్టం దగ్గర చిన్న రంధ్రం వేయాలి, కింద నహానీ ట్రాప్ ఉండాలి. కిందికి దిగే పైపులు మూడు పెట్టండి: ఒకటి నిండుగా పారేది, ఒకటి పైపైన పారేది, మూడోది మొదటి రెండూ మూసుకుపోయిన రోజు కోసం. చేపలు చలికో వేడికో కాదు, ఆక్సిజన్ లేక కొన్ని గంటల్లో పోతాయి. కాబట్టి ఇన్వర్టరు మీద ముందు ట్యాంకులో నీళ్ళను కదిలించే వేవ్ మేకర్లను పెట్టండి, లైట్లు ఆగినా ఏమీ కాదు. ప్లగ్గులన్నీ నీటి మట్టానికి పైన, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ వెనక ఉండాలి. ఉప్పు తెల్లగా పాకుతూ స్విచ్ బోర్డు దాకా వస్తుంది.

లైట్ల గురించి ఎక్కువ చెప్పను. రాతి పగడం లేనప్పుడు వాటి మీద లక్షలు పోయనక్కర్లేదు. నీళ్ళకు కాల్షియం అందించే యంత్రం, కాల్షియం రియాక్టరూ వద్దు. రాళ్ళ మీద పట్టే గులాబీ రంగు కోరలైన్ నాచుకు, నత్తలకు సున్నపు తేట చాలు. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడు, లీటరుకు ఒకటిన్నర గ్రాములు. ఆర్ఓ నీళ్ళలో కలిపి మూతపెట్టి వదిలేయండి. పైన పల్చటి మీగడలాంటి పొర కడుతుంది, అడుగున తెల్లటి మడ్డి ఉంటుంది. మధ్యలోని తేటను సన్నటి గొట్టంతో లాగి, టాపప్ నీళ్ళుగా చుక్కచుక్కగా పంపాలి. మడ్డి మాత్రం ట్యాంకులోకి పోకూడదు. పీహెచ్ 12 దాకా ఉంటుంది, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. వాడకట్టులో కిళ్ళీ సున్నం చవగ్గా దొరుకుతుంది, కానీ అందులో ఏం కలుస్తుందో ఎవరికీ తెలియదు.

చివరగా చేపలు. క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. అలా పుట్టినవి గుళిక మేత తినడం చిన్నప్పుడే నేర్చుకుని ఉంటాయి, అవే కొనండి. ఏ చేపైనా నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచాకే పెద్ద ట్యాంకులోకి. తెల్లమచ్చ జబ్బు వస్తే రాగి మందు ఆ చిన్న ట్యాంకులో వేయగలం, పెద్ద ట్యాంకులో వేయలేం. పదడుగుల పొడవున, రాళ్ళ మధ్య, జబ్బు చేసిన టాంగ్ చేపను వల పెట్టి పట్టడానికి ఎవరైనా ప్రయత్నిస్తే నాకు కబురు చేయండి, చూడ్డానికి వస్తాను. చివరికి రాళ్ళన్నీ బయటికి తీయాల్సి వస్తుంది.

ఇక ప్రశ్నలు. ఫ్లాటు స్ట్రక్చరల్ డ్రాయింగులు తెచ్చుకున్నవాళ్ళు ముందు రండి, బీములు చూడ్డానికి టైం పడుతుంది. అద్దాల రేట్లు మాత్రం నన్నడగొద్దు.